డికాషన్ దిగలేదు!

ఆ వేళ తెల్లవారుజామున అయిదు గంటలకి మా వంటింట్లో జరగకూడనిది జరిగింది. పాలు విరిగితే ఇంకో పాకెట్టు తెచ్చుకుంటాం. గ్యాసు అయిపోతే పక్కింటివాళ్ళని సిలిండరు అడుగుతాం. కాని ఫిల్టరులో పోసిన నీళ్ళు పోసినట్టే నిలబడి, కింది గిన్నెలో ఒక్క చుక్కయినా లేకపోతే, అవతల పెద్ద ప్రాణం కాఫీ కోసం ఎదురుచూస్తూ కూచుంటే, ఎవరిని అడుగుతాం చెప్పండి?

ఆ పెద్ద ప్రాణం మా అమ్మ. ఎనభై నాలుగేళ్ళు. ఒంటిపూట భోజనం. టీవీ చూడదు. చెవి సరిగా వినబడదు గనక ఫోనులో మాట్లాడదు. ఆవిడకి ఈ లోకంతో మిగిలిన బేరమల్లా పొద్దున్నే ఒక గ్లాసు కాఫీ. అది చేతికందితే సూర్యుడు ఉదయించినట్టు. అందకపోతే ఆ రోజు పంచాంగంలో లేనట్టే.

రోజూ ఆ కాఫీ కలిపేది మా ఆవిడ. ఆమె అంతకు రెండు రోజుల ముందే అమ్మాయి పురిటికని బెంగుళూరు వెళ్ళింది. వెళ్ళేటప్పుడు సమస్తం నాకు అప్పజెబుతూ, "ఏమండీ, ఫిల్టరుతో మాత్రం ప్రయోగాలు చెయ్యకండి. పొడి వెయ్యండి, నీళ్ళు పొయ్యండి, మూత పెట్టండి. అంతే" అని హెచ్చరించింది. ముప్ఫయ్యారేళ్ళు ఆఫీసులో కదలని ఫైళ్ళు కదిలించినవాణ్ణి, ఒక్క ఫిల్టరు దించలేనా అనుకున్నాను.

మేమెక్కడ వుంటామో చెప్పలేదు కదూ? మొయినాబాద్‌లో. హైదరాబాదు నుంచి చేవెళ్ళ వెళ్ళే దారి మీద వస్తుంది. మాది తెనాలి. రిటైరయ్యాక, అబ్బాయి ఉద్యోగం హైదరాబాదులో గనక, వాడికి దగ్గరగానూ సందడికి దూరంగానూ వుంటుందని ఆరేళ్ళ కిందట ఇక్కడ చిన్న యిల్లు కట్టుకున్నాం. చుట్టూ పూలతోటలు, కూరగాయల మళ్ళు. చేవెళ్ళ దారికి రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు. ఒక వైపు గండిపేట చెరువు, ఇంకో వైపు హిమాయత్ సాగర్. 1908లో మూసీకి వచ్చిన వరద హైదరాబాదుని ముంచెత్తిన తర్వాత కట్టిన జలాశయాలివి. మూసీ మీద గండిపేట 1920లోనూ, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. మహానగరానికి దాహం తీర్చిన రెండు సాగరాల నడుమ కాపురం, ఇక నీళ్ళకి లోటేమిటని మురిసిపోయాం. తీరా యింట్లో చేరాక మాకు దక్కింది మాత్రం మా పెరట్లో వేయించిన బోరు నీళ్ళే. ఈ నీళ్ళ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

ఇంకో సంగతి. ఈ ప్రాంతం టీ రాజ్యం. మాకు పాలుపోసే ఆవిడ మొదట్లో మా ఫిల్టరు చూసి, "గిదేంది సార్, గింత చిన్న టిఫిను డబ్బా?" అని అడిగింది. ఇద్దరికి డికాషన్ దించే ఇత్తడి ఫిల్టరు అది. 1957లో అమ్మ కాపురానికి వచ్చినప్పుడు మా తాతగారు మద్రాసులో కొని యిచ్చాడట. లోపల కళాయి పూత. పైగిన్నె అడుగున సూదిమొనంత చిల్లులు. దాని కింద డికాషన్ చేరే కిందిగిన్నె. పొడి మీద పెట్టడానికి కాడ వున్న చిల్లుల బిళ్ళ ఒకటి వుంటుందే, దాన్ని మా యింట్లో గొడుగు అంటాం. పైన మూత. ఇంతే యంత్రం. స్క్రూ లేదు, స్ప్రింగు లేదు. ఇంత సులువైనది మొరాయించడమేమిటి?

మొదటి అనుమానం పొడి మీదికి పోయింది. కొత్త పాకెట్టు విప్పాను. దాని మీద చికోరీ 40 శాతం అని వుంది. చికోరీ కాఫీ గింజ కాదు. ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడిచేసి కలుపుతారు. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే చికోరీ 49 దాకా పోవచ్చన్నమాట. వేడినీళ్ళు తగలగానే చికోరీ బంకబంకగా ఉబ్బుతుంది. డికాషన్‌కి నల్లటి రంగూ, చిక్కదనమూ ఇచ్చేది అదే; మోతాదు మించితే చిల్లులకి అడ్డం పడేదీ అదే. సరే, చికోరీ తక్కువున్న పాత పాకెట్టు అడుగున మిగిలిన పొడి వేసి చూశాను. అరగంటకి ఓ చెంచాడు దిగింది.

రెండో అనుమానం నా చెయ్యి మీదికి పోయింది. చిక్కగా రావాలనే ఆత్రంకొద్దీ పొడిని గొడుగుతో అణిచేశాను కాబోలు. పొడి సమంగా సర్దుకుంటే చాలు. అణిస్తే అట్ట కడుతుంది. ఆ అట్టలోంచి నీళ్ళకి దారి వుండదు. అంతా దులిపి, మళ్ళీ వదులుగా వేశాను. ఇంకో చెంచాడు దిగింది.

మూడోసారి అమ్మే లేచి వచ్చింది. గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒరేయ్, పైగిన్నె కాస్త ఎత్తి పెట్టరా. గాలాడదూ" అంది.

ఎత్తాను. బుస్సుమని చిన్న చప్పుడు. టపటపమని నాలుగు చుక్కలు! ఇందులో మంత్రమేమీ లేదు. పైగిన్నె కిందిగిన్నెలో బిర్రుగా కూచుంటే కిందనున్న గాలికి బయటికి పోయే దారి వుండదు. ఆ గాలి కింద నుంచి అడ్డుకుంటే పైనీళ్ళు దిగవు. కాస్త ఎత్తి మళ్ళీ పెడితే గాలి పోతుంది, నీళ్ళు దిగుతాయి. ఏ యింట్లోనైనా డికాషన్ దిగకపోతే మొట్టమొదట చెయ్యవలసిన పని యిదే. నేను దీన్ని మూడోసారికి, అదీ అమ్మ చెబితే, నేర్చుకున్నాను.

కాని ఆ నాలుగు చుక్కలూ రాలి మళ్ళీ ఆగిపోయింది. రోగం గాలిది ఒక్కటే కాదన్నమాట. ఆ పూటకి పాలుపోసే ఆవిడ జాలిపడి మా అమ్మకి టీ కాచి యిచ్చింది. అమ్మ మర్యాదకి రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

మధ్యాహ్నం ఫిల్టరు శుభ్రంగా కడిగి ఎండకి పట్టుకుని చూశాను. మీరూ ఒకసారి చూడండి. పైగిన్నెని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అడుగున చిల్లులు నక్షత్రాల్లా మెరవాలి. మా గిన్నె అడుగున అమావాస్య. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. తక్కినవన్నీ మూసుకుపోయి వున్నాయి.

ఇక ఆలోచించడానికేముంది? మా ఆవిడ కుట్టుపని డబ్బాలోంచి సూది తీసుకుని కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నాను. ఒక్కొక్క కన్నంలోనూ పొడవడం మొదలుపెట్టాను. మొదట కాస్త గట్టిగా వుండి, తర్వాత చివ్వున దిగేది. అలా దిగినప్పుడల్లా ఎంత ఆనందమో! గంటసేపు కూచుని నలభై కన్నాలు విడిపించాను. గిన్నె ఎత్తి చూస్తే పున్నమి వెన్నెల. అప్పుడే బెంగుళూరుకి ఫోను చేసి గొప్ప చెప్పుకుందామనుకున్నాను. చేయకపోవడమే మేలయింది.

మర్నాడు పొద్దున్న నీళ్ళు పొయ్యడమే తరువాయి, బొళబొళమని దిగిపోయాయి. మూత తీసి చూస్తే కింద డికాషన్ కాదు, వరదనాటి కాలవ! నీళ్ళు పలచగా వున్నాయి, అడుగున పొడి మాత్రం వేలెడు. ఇత్తడి మెత్తని లోహం కదా, సూది పోటుకి కన్నాలు సాగి పెద్దవైపోయాయి. కాఫీ పొడి ఆగవలసిన చోట ఆగకుండా నీళ్ళతో కలిసి పోయింది. నీళ్ళు కూడా పొడితో నిదానంగా మాట్లాడే వ్యవధి లేకుండా పరుగెత్తాయి. అంచేత కాఫీకి రుచీ లేదు, చిక్కదనమూ లేదు.

దాన్నే బట్టలో వడగట్టి, పాలు కలిపి అమ్మకిచ్చాను. అమ్మ రోజూ చేసినట్టే గ్లాసు పట్టుకుని పెరటి వరండాలోకి వెళ్ళింది. చల్లగాలికి కూచుని తాగడం ఆవిడ అలవాటు. ఎలా వుందో అడుగుదామని నేనూ వెనకాలే వెళ్ళాను. నా అడుగుల చప్పుడు ఆవిడకి వినబడలేదు. గ్లాసులో సగం కాఫీ కరివేపాకు మొక్క మొదట్లో పోస్తోంది!

"అమ్మా! అంత బాగులేదా?" అన్నాను గట్టిగా.

అమ్మ తుళ్ళిపడింది. దొంగతనం పట్టుబడ్డ చిన్నపిల్లలా అయిపోయింది మొహం. "నీ కాఫీ అని కాదురా. ఏడాది బట్టీ ఇంతే. కాఫీ ముక్కిన వాసన వేస్తోంది" అంది.

ఏడాది! మరి ఏడాదిగా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏమని చెప్పమంటావు? ఇప్పటికే దానికి మోకాళ్ళ నొప్పులు. తెల్లవారకుండా లేచి, నిలబడి కలిపి తెస్తుంది. బాగులేదంటే మళ్ళీ వెళ్ళి ఇంకోటి కలుపుతుంది. పైగా, ముసలావిడ వంకలు పెడుతోందని మనసులో అనుకోదూ? ఎన్నాళ్ళు తాగుతాను కనక! పోనిద్దూ" అంది అమ్మ.

నాకు నోట మాట రాలేదు. అమ్మకి వయసు మీదపడి నోరు చవిచచ్చిందని మేమిద్దరం అనుకుంటూ వచ్చాం. మొన్న పరీక్ష చేయించాలని కూడా అనుకున్నాం. కోడలి మనసు నొచ్చుకుంటుందని అత్తగారూ, అత్తగారికి ఆకలి చచ్చిపోయిందని కోడలూ, ఎవరి దిగులు వాళ్ళు దాచుకున్నారు. నడుమ ఈ చిల్లుల గిన్నె వుంది. దాని సంగతి తేల్చి తీరాలని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను.

చేవెళ్ళలో పాతగిన్నెలకి కళాయి పెట్టే ముసలాయన ఒకడున్నాడని పాలుపోసే ఆవిడ చెప్పింది. ఫిల్టరు సంచిలో వేసుకుని, పక్కింటావిడని అమ్మ దగ్గర కాసేపు కూచోమని బతిమాలి, బస్సెక్కాను. మర్రిచెట్ల నీడన ఆ ప్రయాణం ఎప్పుడు చేసినా ప్రాణానికి హాయి. కాని ఆ రోజు నేను చెట్లు చూడలేదు. ఒళ్ళో వున్న సంచినే చూసుకుంటూ కూచున్నాను. అరవై ఏళ్ళు దాటిన వస్తువు. అమ్మ పుట్టింటి జ్ఞాపకం. నేను సూదితో పాడుచేశాను.

ముసలాయన పైగిన్నె తీసి ఎండకి పట్టి చూశాడు. "ఏం సారూ, సూదితోని పొడిచిన్రా?" అన్నాడు. డాక్టరు దగ్గర నాటువైద్యం ఒప్పుకున్నట్టు తల వూపాను. ఆయన గోటితో గిన్నె అడుగు గీకి చూపించాడు. గోధుమ రంగు జిడ్డు కింద తెల్లగా, గట్టిగా, పెంకులాంటిది.

"గిది కాఫీ కాదు సారూ. మీ నీళ్ళల్ల సున్నం. మా యింట్ల బగోనెలు గూడ గిట్లనే అయితయి. దీన్ని పొడిస్తే పోదు. పులుపు పోస్తే పోతది" అని, గుప్పెడు చింతపండు వేడినీళ్ళలో పిసికి గిన్నెలో పోశాడు. రెండు నిమిషాలయింది. ఏమీ జరగలేదు. ఆయన నవ్వి, పులుసు పారబోసి, ముందు సోడా కలిపిన వేడినీళ్ళతో జిడ్డు వదిలించాడు. తర్వాత మళ్ళీ పులుసు పోశాడు. ఈసారి గిన్నె అడుగు నుంచి సన్నని బుడగలు లేచాయి. మెత్తటి బ్రష్షుతో బయటి వైపు నుంచి లోపలికి రుద్ది, నీళ్ళు ధారగా పోసేసరికి తెల్లటి పెంకు ముక్కలు ముక్కలుగా రాలిపోయింది. నేను పొడవని కన్నాలన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి!

నేను పొడిచినవాటి సంగతి వేరు. వాటిలో బాగా సాగిపోయినవి పదకొండు లెక్కపెట్టాడు. గిన్నె వేడిచేసి, నవాసాగరం చల్లి, దూదితో తగరం రాశాడు. కళాయి కొత్తగా మెరిసింది. ఆ తగరంతోనే పదకొండు కన్నాలూ మూసేశాడు. "ఉన్నయి చాలు సారూ. ఇగ సూది పెట్టకున్రి" అన్నాడు. కళాయికి వాడేది సీసం కలవని తగరమేనా అని అడిగి తెలుసుకున్నాను. మీరూ అడగండి. సీసం కడుపులోకి పోకూడని వస్తువు.

ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ ఆలోచిస్తే విషయమంతా విడిపోయింది. ఫిల్టరుకి పట్టే మురికి ఒకటి కాదు, రెండు. ఒకటి కాఫీది. ఇంకోటి నీళ్ళది.

కాఫీ గింజలో నూనె వుంటుంది. రొబస్టాలో సుమారు పది శాతం, అరబికాలో పదిహేను దాకా. డికాషన్ దిగినప్పుడల్లా ఆ నూనె పొర ఒకటి గిన్నెకి అంటుకుంటుంది. చన్నీళ్ళతో తొలిస్తే వదలదు. నిలవవుంటే నూనె ముక్కుతుంది. అమ్మకి తగిలిన వాసన అదే. పొర మీద పొర, దాని మీద సన్నపొడి అతుక్కుని చిల్లుల అంచులు దగ్గరపడతాయి.

ఇక నీళ్ళ మురికి. ఈ ప్రాంతంలో బోరు నీళ్ళు రాతి పగుళ్ళ నడుమ చాలాకాలం నిలవవుండి, సున్నం, మెగ్నీషియం లవణాలు కలుపుకుని వస్తాయి. సబ్బు నురుగు రాకపోవడం, పప్పు ఉడకకపోవడం అందుకే. నీళ్ళలో కంటికి కనిపించకుండా కరిగివున్న సున్నం కాచినప్పుడు విడిపోయి తెల్లటి రాయిగా పేరుకుంటుంది. మన దేశపు తాగునీటి ప్రమాణాల ప్రకారం ఈ కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు మించకుండా వుండడం మంచిది. వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. అలాంటి నీళ్ళు తాగినంతమాత్రాన భయపడవలసిందేమీ లేదు. కాని గిన్నెలకి మాత్రం ఆరేళ్ళలో పెంకు కడుతుంది.

తెనాలిలో మేము తాగింది కృష్ణ కాలవ నీళ్ళు. ఈ బోరు నీళ్ళంత సున్నం వాటిలో లేదు. అక్కడ మా ఆవిడ ఫిల్టరు ఎలా కడిగేదో ఇక్కడా అలాగే కడిగింది. అక్కడ నలభై ఏళ్ళు చాలిన కడుగుడు ఇక్కడ చాలలేదు. తప్పు చేతిది కాదు. వూరు మారింది, నీళ్ళు మారాయి. మనం మారలేదు.

రాత్రి అమ్మాయికి ఫోను చేసి ఈ కథంతా చెబితే ఫక్కున నవ్వింది. వాళ్ళింట్లో వేలు పోసి కొన్న కాఫీ మిషను వుంది. మూడు నెలలకోసారి దానికి ఎర్రదీపం వెలుగుతుందట. అంటే లోపలి గొట్టాల్లో సున్నం పేరుకుంది, పులుపు నీళ్ళు పోసి కడగండి అని అర్థం. "మీ ఫిల్టరుకి ఎర్రదీపం లేదు నాన్నా, అంతే తేడా" అంది. నిజమే. సున్నపు నీళ్ళకి పేరుపడ్డ లండనులో ప్రతి యింటి కెటిలుకీ ఇదే తద్దినం. ఎంత ఖరీదు మిషనయినా దానికి పట్టేవీ ఈ రెండు మురికిలే, విరుగుళ్ళూ ఈ రెండే.

ఇంకో సంగతి తెలిసి కొంచెం సిగ్గుపడ్డాను. 1908లో జర్మనీలో డ్రెస్డెన్ నగరపు ఇల్లాలు ఒకావిడ, మెలిట్టా బెంట్జ్ అని, కాఫీలో పొడి తగులుతోందని విసుగెత్తి, ఒక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు పుస్తకంలోని అద్దుడుకాగితం అందులో పరిచి వడపోసిందట. కాగితపు ఫిల్టరు అలా పుట్టింది. దానికి పేటెంటు కూడా తీసుకుంది. ఆవిడ ఇత్తడిలో పొడిచిన చిల్లులు లోకానికి ఉపకారమయ్యాయి. నేను పొడిచినవి మూయించడానికి చేవెళ్ళ వెళ్ళవలసివచ్చింది.

సరే, నేను నేర్చుకున్న పద్ధతి మీకూ వరసగా చెబుతాను. కత్తిరించి వంటింట్లో అంటించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

రోజూ చెయ్యవలసింది: డికాషన్ తీసుకున్న వెంటనే, పిప్పి ఎండిపోకముందే దులిపెయ్యాలి. దాన్ని తూములో పొయ్యకండి, అక్కడా అడ్డం పడుతుంది. మొక్కలకి వెయ్యండి. వేడినీళ్ళు మొదట చిల్లుల కింది వైపు నుంచి ధారగా పోసి, తర్వాత లోపల కడగాలి. గిన్నెలు రెండూ విడివిడిగా బోర్లించి ఆరబెట్టాలి. తడిగా వున్నప్పుడు ఒకదాన్లో ఒకటి పెట్టి మూత వేస్తే ముక్కిన వాసన తప్పదు.

వారానికోసారి: లీటరు వేడినీళ్ళలో పెద్ద చెంచాడు వంటసోడా కలిపి, భాగాలన్నీ అరగంట నాననిచ్చి, పాత పళ్ళబ్రష్షుతో కింది వైపు నుంచి రుద్దాలి. కాఫీ జిడ్డు వదులుతుంది. గొడుగు చిల్లులు మరిచిపోకండి.

బోరు నీళ్ళ వాళ్ళు నెలకోసారి: సోడాతో కడిగిన తర్వాత, అరలీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు నిమ్మకాయల రసం గాని, చిన్న చెంచాడు నిమ్మఉప్పు గాని కలిపి నానబెట్టాలి. స్టీలు ఫిల్టరయితే ఇరవై నిమిషాలు. ఇత్తడిదయితే పది నిమిషాలు మించకూడదు. పులుపు ఎక్కువసేపు నిలిస్తే ఇత్తడిని తింటుంది, చిలుం పుడుతుంది. ఇత్తడికి పలచని చింతపండు పులుసయినా సరే. బుడగలు వస్తున్నంతసేపూ సున్నం కరుగుతున్నట్టు లెక్క. తర్వాత మూడు నాలుగు నీళ్ళు పోసి కడిగి, ఒకసారి ఉత్త వేడినీళ్ళు దించి పారబోసి, అప్పుడు పొడి వేసుకోవాలి.

ఈ వరస తప్పకూడదు. జిడ్డు సున్నాన్ని కప్పివుంటే పులుపు దానికి అందదు. అంచేత సోడా ముందు, పులుపు తర్వాత. రెండూ కలిపి ఒక్కసారే పోస్తే బుసబుస పొంగి చూడముచ్చటగా వుంటుంది గాని, ఒకదాన్నొకటి చంపుకుని రెండూ నిర్వీర్యమవుతాయి. ఇంకో మాట. బ్లీచింగు పొడిని పులుపుతో కలపడం మహా ప్రమాదం. విషవాయువు పుడుతుంది. దాన్ని ఫిల్టరు దరిదాపులకి కూడా రానివ్వకండి.

కొందరు పైగిన్నెని పొయ్యి మంట మీద పెట్టి, చిల్లుల్లో ఇరుక్కున్న పొడి కాలి బూడిదయ్యేదాకా వుంచి, తట్టి దులుపుతారు. స్టీలు గిన్నెకి అప్పుడప్పుడూ అది పనికొస్తుంది, రంగు మాత్రం మారుతుంది. కాని కాలేది పొడి, జిడ్డు మాత్రమే. సున్నం పొయ్యి మంటకి లొంగదు. కళాయి వున్న ఇత్తడి గిన్నెని మాత్రం మంట మీద పెట్టకండి. తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది. కళాయి కారిపోయి, ఆ తగరమే చిల్లుల్లో గడ్డకడుతుంది. స్టీలు పీచు, ఇసుక కూడా కళాయిని గీరేస్తాయి. ఇక సూది సంగతి నేను వేరే చెప్పాలా?

చేవెళ్ళ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న నాలుగున్నరకే లేచాను. పొడి వదులుగా వేశాను. గొడుగు మెల్లగా ఆనించాను. కొంచెం వేడినీళ్ళతో పొడి తడిపి, ఓ నిమిషం ఆగి, తక్కిన నీళ్ళు పోశాను. చెవి ఆనించి విన్నాను. టప్... టప్... టప్. ఇరవై నిమిషాలకి కిందిగిన్నెలో సగం దాకా నల్లగా, చిక్కగా డికాషన్.

అమ్మ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళబోయింది. "ఇవాళ ఇక్కడే కూచుని తాగమ్మా" అన్నాను. కూచుంది. మొదటి గుక్క తాగి ఏమీ అనలేదు. రెండో గుక్కకి కళ్ళు మూసుకుంది. గ్లాసు సాంతం ఖాళీ చేసి, కింద పెట్టి, "మా నాన్న కొన్న ఫిల్టరు రా ఇది" అంది. అంతకన్న సర్టిఫికెట్టు ఎవరివ్వగలరు?

నెలన్నర తర్వాత మా ఆవిడ వచ్చింది. మనవరాలి ముచ్చట్లన్నీ అయ్యాక, మెరుస్తున్న ఫిల్టరు చూసి, "కళాయి పెట్టించారా? ఎందుకు?" అని అడిగింది. పదకొండు కన్నాల సంగతితో సహా అంతా చెప్పేశాను. కరివేపాకు మొక్క సంగతి దాచుదామనుకున్నాను గాని, దాచుకోవడం వల్లే కదా ఏడాది పాటు ఈ గొడవ నడిచిందని, అదీ చెప్పాను.

ఆవిడ తిన్నగా అమ్మ గదిలోకి వెళ్ళింది. "అత్తయ్యా! ఏడాది పాటు ఆ కాఫీ మింగారా? ఒక్కమాట చెప్పకూడదూ?" అంది గట్టిగా. అమ్మకి వినిపించేట్టు మాట్లాడాలంటే ఎవరైనా గట్టిగానే మాట్లాడాలి. గొంతులో వణుకు మాత్రం నాకు వినిపించింది.

"నీ కాఫీ కాదే తల్లీ, ఈ వూరి నీళ్ళు" అంది అమ్మ, నేను చెప్పిన పాఠం అప్పజెబుతూ. "అయినా నువ్వు మాత్రం నీ మోకాళ్ళ సంగతి నాకెప్పుడైనా చెప్పావా?"

ఇద్దరూ కాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నేను లోపలికి వెళ్ళలేదు.

ఇప్పుడు మా యింట్లో కొత్త ఏర్పాటు. పొద్దున్న డికాషన్ దించే పని నాది. నెలకోసారి నిమ్మఉప్పు పనీ నాదే. కేలండరులో ఆ తేదీకి ఎర్రసిరాతో సున్నా చుట్టాను. అది మా ఫిల్టరుకి ఎర్రదీపం. మా ఆవిడ ఆరింటికి లేచి, వేడి కాఫీ చేతికందుకుని, "చిక్కదనం కొంచెం తక్కువయిందండీ" అని మొహం మీదే చెబుతుంది. అమ్మ కూడా చెబుతోంది. వినడం నేర్చుకుంటున్నాను.

పెరట్లో కరివేపాకు మొక్కకి మాత్రం కాఫీ బందయింది. పిప్పితోనే సరిపెట్టుకుంటోంది పాపం.